ఇంట్లో కట్టుకునే ఎల్‌ఈడీ సైకిల్ లైటు: ఏది మేలు?

సైకిలు ముందు లైటు చేయవలసిన పనులు రెండు. ఎదుటివారికి సైకిలు కనబడేలా చేయడం ఒకటి, సైకిలు తొక్కేవారికి దారి కనబడేలా చేయడం మరొకటి. మొదటి పనికి నాలుగైదు చిన్న ఎల్‌ఈడీలు, ఒక సెల్లు చాలు. వీధి దీపాలున్న రోడ్ల మీద మాత్రమే తిరిగేవారు సోల్డరింగ్ గన్ చేత పట్టవలసిన అవసరమే లేదు. చీకటి రోడ్డు మీద గతుకు, రాయి, తడి ఇసుక ముందుగానే కంటబడాలనుకునేవారికే ఈ శ్రమంతా. వారికి లైటు ఎంత దూరం చూపాలన్నది చిన్న లెక్కతో తేలుతుంది. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో పోయే సైకిలు సెకనుకు ఐదున్నర మీటర్లు సాగుతుంది. గుంత కంటబడి, బ్రేకు నొక్కడానికి సెకనున్నర పడుతుందనుకుంటే ఆ లోపే 8 మీటర్లు గడిచిపోతాయి, బ్రేకు పట్టాక నిలవడానికి మరో 5 మీటర్లు కావాలి. వేగం 30 కిలోమీటర్లకు పెరిగితే ఈ 13 మీటర్లు కాస్తా 24 అవుతాయి. కాబట్టి ఏ ఎల్‌ఈడీ, ఏ బ్యాటరీ, ఏ లెన్సు అన్న ప్రతి ప్రశ్ననూ ఒకే తూకంలో వేయవలసి ఉంటుంది: 15 నుంచి 25 మీటర్ల అవతల నేల మీద ఎంత వెలుగు పడుతుంది, అది ఎన్ని గంటలు నిలుస్తుంది, దారి మధ్యలో ఉన్నట్టుండి ఆరిపోయే అవకాశం ఎంత? డబ్బా మీద రాసే ల్యూమెన్ల సంఖ్య, అంటే లైటు నుంచి వెలువడే మొత్తం కాంతి కొలత, వీటిలో ఏ ఒక్కదానికీ సమాధానం చెప్పదు.

చిన్న ఎల్‌ఈడీల గుత్తా, ఒక్క పెద్ద ఎల్‌ఈడీయా

మొదటిసారి లైటు కట్టేవారి చూపు 5 మిల్లీమీటర్ల తెల్ల ఎల్‌ఈడీల మీద పడడం సహజం. అవి ఎక్కడైనా దొరుకుతాయి, వాటికి వేరే లెన్సు అక్కర లేదు, వేడిని లాగి గాలిలోకి వదిలే హీట్‌సింక్ ప్రసక్తి లేదు. ఒక్కొక్కటి 20 మిల్లీయాంపియర్లు తీసుకుంటుంది కాబట్టి 20 ఎల్‌ఈడీలు కలిపితే 400 మిల్లీయాంపియర్లు, అంటే దాదాపు 1.3 వాట్లు. ఇంచుమించు అదే విద్యుత్తును తీసుకునే పవర్ ఎల్‌ఈడీ ఒకటి ఆ 20 ఎల్‌ఈడీల పని ఒంటరిగా చేస్తుంది కాబట్టి పోలిక వీటి మధ్యనే జరగాలి.

గుత్తిలో మూడు లోపాలున్నాయి. 20 ఎల్‌ఈడీలంటే 40 సోల్డరింగ్ అతుకులు, గతుకుల రోడ్డు మీద ప్రతి అతుకూ వదులయ్యే అవకాశం ఉన్నదే. అన్నిటినీ ఒకే రెసిస్టర్‌తో పక్కపక్కన కలిపితే, వోల్టేజి కాస్త తక్కువ అవసరమయ్యే ఎల్‌ఈడీ తన వాటాకు మించి కరెంటు లాగి ముందుగా చెడిపోతుంది, ఆ భారం మిగిలినవాటి మీద పడుతుంది. ఈ చిక్కు రాకుండా ఒక్కొక్కదానికి విడిగా రెసిస్టర్ పెడితే అతుకుల సంఖ్య మరింత పెరుగుతుంది. అన్నిటికంటే పెద్దది వేడి. ఆ చిన్న ఎల్‌ఈడీలో పుట్టే వేడి బయటికి పోవడానికి రెండు సన్నని కాళ్లు తప్ప దారి లేదు, కాబట్టి కాస్త ఎక్కువ కరెంటు ఇచ్చి కాంతి పెంచుదామనుకుంటే కొన్నాళ్లకే వెలుగు మసకబారుతుంది.

పవర్ ఎల్‌ఈడీ అలా కాదు. దాని అడుగున వేడిని బయటికి పంపే లోహపు తలం ఉంటుంది. దాన్ని 20 మిల్లీమీటర్ల వెడల్పున్న, నక్షత్రం ఆకారపు అల్యూమినియం పలక మీద ముందే అతికించి అమ్ముతారు. ఇంట్లో చేయవలసిందల్లా ఆ పలకకు థర్మల్ పేస్టు రాసి అల్యూమినియం దిమ్మకు బిగించడం, రెండు తీగలు అతకడం. మంచి రకం ఎల్‌ఈడీ 350 మిల్లీయాంపియర్ల వద్ద సుమారు 120 ల్యూమెన్లు ఇస్తుంది. పాత డైనమో లైట్లలోని 2.4 వాట్ల హాలోజన్ బల్బు 40 ల్యూమెన్లకు మించి ఇచ్చేది కాదని గుర్తు చేసుకుంటే, అందులో సగం విద్యుత్తుతో మూడింతల వెలుగు వస్తున్నదన్నమాట. గుత్తి వైపు చెప్పదగిన మంచి మాట ఒక్కటే: అందులో ఒకటి పోయినా తక్కినవి వెలుగుతూ ఉంటాయి. దారి చూసుకునే లైటుకు మాత్రం పవర్ ఎల్‌ఈడీయే మేలు, ఇందులో నాకు సందేహం లేదు.

సందేహించవలసింది ఎంత పెద్ద ఎల్‌ఈడీ అన్న విషయంలో. 3 యాంపియర్లు తట్టుకునే 10 వాట్ల ఎల్‌ఈడీలు తేలికగానే దొరుకుతున్నాయి, చేసేవారి మనసు సహజంగా వాటి వైపే లాగుతుంది. కానీ కరెంటు రెట్టింపైతే వెలుగు రెట్టింపు కాదు. 350 నుంచి 700 మిల్లీయాంపియర్లకు పెంచితే కాంతి సుమారు 1.7, 1.8 రెట్లు అవుతుంది, కంటికి ఆ తేడా అంతకంటే తక్కువగా కనిపిస్తుంది. పైగా ఎల్‌ఈడీకి ఇచ్చిన విద్యుత్తులో సగానికి పైగా వేడిగానే పోతుంది. 2 వాట్ల లైటుకు అగ్గిపెట్టెంత అల్యూమినియం దిమ్మ, ఎదురుగాలి సరిపోతాయి. 10 వాట్లకు రెక్కలున్న పెద్ద హీట్‌సింక్ కావాలి, సిగ్నల్ దగ్గర సైకిలు ఆగి గాలి తగలకపోతే అది కూడా చేయి పెట్టలేనంతగా వేడెక్కుతుంది. 350, 700 మిల్లీయాంపియర్ల రెండు స్థాయిలు ఇచ్చే లైటు కట్టుకుంటే సైకిలు వేగానికి అది చాలినంత.

తెలుపులో ఏ తెలుపు అన్నది చిన్న విషయమే అయినా చెప్పుకోదగినది. నీలి ఛాయ ఉన్న 6500 కెల్విన్ ఎల్‌ఈడీ అదే కరెంటుకు కాస్త ఎక్కువ ల్యూమెన్లు ఇస్తుంది కానీ మట్టిదారిలో గోధుమ రంగు ఛాయలన్నీ ఒకేలా కనిపించి బురదకూ గట్టి నేలకూ తేడా తెలియదు. 4000 కెల్విన్ ప్రాంతపు తెలుపు ఆ కొద్ది నష్టానికి తగిన ఫలమే ఇస్తుంది.

విద్యుత్తు ఎక్కడి నుంచి

అసలు నిర్ణయం ఇక్కడే ఉంది. మిగిలిన భాగాలన్నీ ఈ ఎంపికను అనుసరించి మారిపోతాయి. ఇంట్లో కట్టేవారి ముందు సాధారణంగా ఉండేవి అయిదు దారులు: 18650 లిథియం సెల్లు, పెన్సిల్ సెల్లు పరిమాణంలో ఉండే నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లు, పవర్‌బ్యాంకు, 6 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ, చక్రంతో తిరిగే డైనమో.

లెడ్ యాసిడ్‌ను ముందే పక్కన పెట్టవచ్చు. 6 వోల్టుల 4.5 యాంపియర్ అవర్ల బ్యాటరీలో 27 వాట్ అవర్లు, అంటే ఒక వాట్ చొప్పున 27 గంటలు ఇచ్చే శక్తి ఉన్నా, దాని బరువు ముప్పావు కిలో, ఛార్జి తగ్గిన స్థితిలో కొన్నాళ్లు వదిలేస్తే పాడైపోతుంది. ఇంట్లో ఏదో పాత పరికరం నుంచి ఊడదీసినది ఉంటే తప్ప దీన్ని ఎంచుకోవడానికి కారణం కనిపించదు.

18650 అన్న పేరులోనే దాని కొలత ఉంది: 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు. 3000 మిల్లీయాంపియర్ అవర్ల సెల్లు ఒకటి సుమారు 47 గ్రాములు తూగి దాదాపు 11 వాట్ అవర్లు ఇస్తుంది. అంటే 350 మిల్లీయాంపియర్ల వద్ద ఎనిమిది గంటలు, 700 వద్ద నాలుగు. నికెల్ సెల్లులు మూడు వరుసగా కలిపితే 80 గ్రాముల బరువుకు 7 వాట్ అవర్లు వస్తాయి. ఈ లెక్క మాత్రమే చూస్తే లిథియందే గెలుపు, కానీ లెక్కలో చేరనివి కొన్ని ఉన్నాయి. లిథియం సెల్లుకు 4.2 వోల్టుల వద్ద ఆగిపోయే ఛార్జరు, 2.5 వోల్టుల దగ్గర తెంపివేసే రక్షణ సర్క్యూట్ తప్పనిసరి. టీపీ 4056 అనే ఛార్జింగ్ చిప్పు, డీడబ్ల్యూ 01 అనే రక్షణ చిప్పు కలిసిన చిన్న పలకలు ఈ రెండు పనులూ చేస్తాయి. సెల్లు మీద నేరుగా సోల్డరింగ్ చేయకూడదు, ఆ వేడికి లోపలి పొరలు దెబ్బతింటాయి. హోల్డరులో పెట్టాలి, లేదా ముందే పట్టీలు అతికించిన సెల్లు కొనాలి. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీలు విప్పి తీసిన సెల్లు 2 వోల్టుల కంటే తక్కువ చూపిస్తే దాన్ని బతికించే ప్రయత్నం చేయకుండా పక్కన పెట్టేయడం మంచిది. నికెల్ సెల్లులకు ఈ బెడద లేదు. పొరపాటున తీగలు తగిలితే వేడెక్కుతాయి కానీ లిథియం సెల్లులాగా భగ్గున అంటుకోవు. దారిలో ఛార్జి అయిపోతే మామూలు పెన్సిల్ సెల్లులు వేసి ఇల్లు చేరవచ్చు.

వీటి మధ్య ఎంపికను సులువు చేసే సంగతి ఒకటి ఉంది. నిండా ఛార్జి అయిన నికెల్ సెల్లు 1.4 వోల్టులు, అడుగంటినది 1 వోల్టు చూపుతుంది. మూడింటిని వరుసగా కలిపితే 4.2 నుంచి 3 వోల్టులు, అంటే ఒక్క లిథియం సెల్లుకున్న పరిధే. ఒకదాని కోసం కట్టిన లైటు, కరెంటును అదుపు చేసే డ్రైవర్ సర్క్యూట్‌ను మార్చకుండానే రెండవదానితోనూ పనిచేస్తుంది. అందుచేత ఎలక్ట్రానిక్సు కొత్తగా నేర్చుకుంటున్నవారు నికెల్ సెల్లులతో మొదలుపెట్టి, చేయి తిరిగాక లిథియంకు మారడం తెలివైన పని. పిల్లలతో కలిసి కట్టేటప్పుడు నికెల్ తప్ప వేరే ఆలోచనే అనవసరం.

పవర్‌బ్యాంకు ఇంట్లోనే ఉంటుంది, ఛార్జరు గొడవ లేదు, రక్షణ సర్క్యూట్ లోపలే ఉంటుంది. ఇన్ని సుఖాలున్నా దాని లోపల జరిగేది చూస్తే ముచ్చట తగ్గిపోతుంది. సెల్లులోని 3.7 వోల్టులను అది 5 వోల్టులకు పెంచి ఇస్తుంది, మన లైటు దాన్ని మళ్లీ 3 వోల్టులకు దించుకుంటుంది. ఎక్కేటప్పుడు కొంత, దిగేటప్పుడు కొంత నష్టం. పైగా చాలా పవర్‌బ్యాంకులు కరెంటు బాగా తగ్గితే ఫోను నిండిందనుకొని తమంతట తామే ఆగిపోతాయి, మసక వెలుగులో నెమ్మదిగా పోతున్నప్పుడు లైటు ఆరిపోవడానికి ఇదొక కారణం. యూఎస్‌బీ ప్లగ్గు గతుకులకు కదిలి క్షణం పాటు తెగి మళ్లీ కలుస్తుంటుంది. రాత్రంతా సాగే దూరప్రయాణానికి పెద్ద పవర్‌బ్యాంకును సంచిలో పెట్టుకొని వాడడం సమంజసమే కానీ రోజువారీ లైటుకు అది ఆధారం కాదగినది కాదు.

డైనమో సంగతి వేరు, దాన్ని బ్యాటరీల వరుసలో నిలబెట్టి పోల్చడమే కొంత అన్యాయం. ముందు చక్రం నడిమధ్యనున్న హబ్‌లో ఇమిడి ఉండే డైనమో 6 వోల్టులు, 3 వాట్లు, అంటే అర యాంపియర్ ఇచ్చేలా తయారవుతుంది. ఎల్‌ఈడీకి కావలసింది స్థిరమైన కరెంటే కదా, డైనమో ఇచ్చేదీ దాదాపు అదే. వేగం పెరిగేకొద్దీ పుట్టే వోల్టేజి పెరిగినా, దానితో పాటే తీగచుట్ట ఇచ్చే అడ్డు కూడా పెరిగి కరెంటును అర యాంపియర్ దరిదాపుల్లోనే నిలుపుతుంది. అందువల్ల డైనమో లైటుకు డ్రైవర్ అక్కర లేదు. దిశ మారుతూ వచ్చే కరెంటును ఒకే దిశకు తిప్పే నాలుగు డయోడ్ల వంతెన, ఒక కెపాసిటర్, వరుసగా రెండు ఎల్‌ఈడీలు, అంతే సర్క్యూట్. మామూలు సిలికాన్ డయోడ్లు వాడితే 1.4 వోల్టులు, అంటే 0.7 వాట్లు వాటిలోనే ఖర్చవుతాయి. షాట్‌కీ డయోడ్లతో ఆ నష్టం సగానికి తగ్గుతుంది కాబట్టి ఇక్కడ పొదుపు చేయకూడదు. కెపాసిటర్ విషయంలో ఒక జాగ్రత్త అవసరం. ఎల్‌ఈడీల తీగ ఊడిపోయిన స్థితిలో వేగంగా తొక్కితే డైనమో వోల్టేజి పదుల వోల్టులకు ఎగబాకుతుంది, 16 వోల్టుల కెపాసిటర్ అప్పుడు పేలుతుంది. దానికి అడ్డంగా, వోల్టేజిని ఒక హద్దు దాటనీయని జెనర్ డయోడ్ పెడితే ఆ భయం ఉండదు.

డైనమో లైటుకున్న రెండు లోపాలూ వేగానికి సంబంధించినవే. నెమ్మదిగా పోతున్నప్పుడు వెలుగు మినుకుమినుకుమంటుంది: చక్రం ఒక చుట్టు తిరిగితే 14 ఆవృత్తాలు పుట్టే హబ్‌లో, గంటకు 5 కిలోమీటర్ల వేగం వద్ద సెకనుకు 18 మినుకులు కంటికి స్పష్టంగా తెలుస్తాయి. 15 కిలోమీటర్లు దాటితే 50కి పైబడి కన్ను వాటిని గమనించదు. కెపాసిటర్ ఉన్నది దీన్ని సరిచేయడానికే. సైకిలు ఆగితే లైటు ఆరిపోవడం రెండవ లోపం. 1 ఫారడ్, 5.5 వోల్టుల సూపర్ కెపాసిటర్‌ను కలిపి ఒక చిన్న ఎల్‌ఈడీకి 10 మిల్లీయాంపియర్లు ఇస్తే మూడు, నాలుగు నిమిషాలు అది వెలుగుతూ సిగ్నల్ దగ్గర మనిషి ఉన్నాడని చెబుతుంది. టైరుకు ఆనించి తిప్పే సీసా డైనమోతోనూ ఈ సర్క్యూటే పనిచేస్తుంది కానీ వానలో టైరు మీద జారుతుంది, కాళ్లకు బరువు తెలుస్తుంది. లైటు కోసమే కొత్తగా కొని పెట్టుకోదగినది హబ్ డైనమోయే.

ప్రతిరోజూ చీకట్లో సైకిలు తొక్కేవారికి, చక్రంలో హబ్ డైనమో ఇప్పటికే ఉన్నవారికి డైనమోయే మేలు. ఛార్జి పెట్టడం మరిచిపోయామన్న మాటే ఉండదు. వారానికి ఒకటి రెండు సార్లు తొక్కేవారికి, ఒకే లైటును రెండు సైకిళ్లకు మార్చుకునేవారికి, మలుపుల్లో, ఎత్తుల్లో నెమ్మదిగా పోతూనే పూర్తి వెలుగు కోరేవారికి 18650 మేలు.

కరెంటును అదుపులో పెట్టేది

బ్యాటరీతో వెలిగే లైటుకు ఇక్కడ మూడు దారులు. రెసిస్టర్, లీనియర్ డ్రైవర్, స్విచింగ్ డ్రైవర్. నాలుగవ దారి, అంటే ఎల్‌ఈడీని నేరుగా సెల్లుకు కలపడం, ఎందుకు పనికిరాదో మల్టీమీటరు కళ్లకు కట్టినట్టు చూపిస్తుంది. సరిగ్గా 3 వోల్టులిచ్చే పవర్ సప్లైకి ఎల్‌ఈడీని తగిలించి మీటరును చూస్తూ కూర్చుంటే, ఏ మీటా ముట్టుకోకపోయినా కరెంటు అంకె మెల్లగా పైకి పాకుతుంది. ఎల్‌ఈడీ వేడెక్కినకొద్దీ దానికి కావలసిన వోల్టేజి డిగ్రీకి కొన్ని మిల్లీవోల్టుల చొప్పున తగ్గుతుంది, సప్లై అంతే ఇస్తుండడంతో కరెంటు పెరుగుతుంది, ఆ కరెంటుకు ఇంకా వేడెక్కుతుంది. ఫ్యాను గాలి తగిలిస్తే అంకె మళ్లీ దిగుతుంది. ఎల్‌ఈడీని వోల్టేజితో కాక కరెంటుతోనే నడపాలనడానికి ఇంతకు మించిన నిరూపణ అక్కర లేదు.

రెసిస్టర్ చవక, చెడిపోవడానికి అందులో ఏమీ లేదు. అయితే 18650 సెల్లుకు 1.7 ఓముల రెసిస్టర్ పెట్టి సగం ఛార్జిలో 350 మిల్లీయాంపియర్లు వచ్చేలా చేస్తే, నిండు ఛార్జిలో అది 600 దాటుతుంది, 3.2 వోల్టుల వద్ద 200కు పడిపోతుంది. బ్యాటరీ వోల్టేజి ఎక్కువగా, రెసిస్టర్ పెద్దదిగా ఉంటే కరెంటు నిలకడగా ఉంటుంది కానీ నష్టం పెరుగుతుంది. 6 వోల్టుల బ్యాటరీకి 8 ఓములు పెడితే కరెంటు పెద్దగా మారదు, అయితే దాదాపు సగం విద్యుత్తు, ఒక వాట్ మేర, రెసిస్టర్‌ను కాల్చడానికే పోతుంది. నిలకడ కావాలంటే వృథా, పొదుపు కావాలంటే ఊగిసలాట అన్న ఈ చిక్కు రెసిస్టర్‌ను వదిలిపెట్టదు.

లీనియర్ డ్రైవర్లలో టార్చిలైట్లు కట్టేవారందరికీ తెలిసినది ఏఎంసీ 7135. మూడు కాళ్ల ఈ చిప్పు ఒక్కొక్కటి 350 మిల్లీయాంపియర్లు మాత్రమే పోనిస్తుంది. రెండు పక్కపక్కన పెడితే 700, ఒకదానికి స్విచ్చి పెడితే రెండు స్థాయిలు. ఎల్‌ఈడీకి కావలసిన దానికంటే 0.12 వోల్టులు ఎక్కువుంటే చాలు, కరెంటు కదలదు. అదనపు వోల్టేజి వేడిగా పోయినా, సెల్లు సగటున 3.7 వోల్టులు, ఎల్‌ఈడీ 3 వోల్టులు అనుకుంటే 80 శాతానికి పైగా ఎల్‌ఈడీకి చేరుతుంది. కరెంటును వేగంగా తెంపి కలుపుతూ వోల్టేజిని మార్చే స్విచింగ్ డ్రైవర్లు 85 నుంచి 95 శాతం వరకు చేరవేస్తాయి. రెండు లేదా మూడు లిథియం సెల్లులు వరుసగా ఉన్నప్పుడు, 12 వోల్టుల బ్యాటరీ వాడేటప్పుడు వాటికి పోటీ లేదు. 6 నుంచి 30 వోల్టుల వరకు పనిచేసే పీటీ 4115 వంటి చిప్పులో కరెంటు ఎంతన్నది ఒక్క చిన్న రెసిస్టర్ విలువే నిర్ణయిస్తుంది: 0.1ని ఓములతో భాగిస్తే యాంపియర్లు వస్తాయి.

ఒక్క సెల్లుతో నడిచే లైటుకు మాత్రం నేను లీనియర్ డ్రైవర్ వైపే మొగ్గుతాను, దానికి కారణం దాని లోపమే. ఛార్జి అడుగంటుతున్నప్పుడు వోల్టేజి చాలక కరెంటు మెల్లగా తగ్గుతుంది, వెలుగు మసకబారుతూ ఇంటికి చేరే వ్యవధి ఇస్తుంది. వోల్టేజి ఎంత తగ్గినా చివరి బొట్టు వరకు అదే వెలుగు నిలిపే డ్రైవర్‌తో, రక్షణ సర్క్యూట్ తెంపిన మరుక్షణమే చిమ్మచీకటి. వేగంగా దిగువకు పోతున్నప్పుడు ఆ తేడా ఎలాంటిదో చెప్పనక్కర లేదు.

లెన్సు: చాలామంది చివరికి వదిలేసేది

ఎల్‌ఈడీ ముందు ఏమీ లేకపోతే దాని వెలుగు 120 డిగ్రీల మేర చెదిరిపోతుంది. దాన్ని దారి మీదికి మళ్లించడానికి రిఫ్లెక్టర్ గిన్నె ఒక దారి, టీఐఆర్ అని పిలిచే గట్టి ప్లాస్టిక్ లెన్సు మరొక దారి. గిన్నెలో ఉన్న ఇబ్బంది ఏమిటంటే, ఎల్‌ఈడీ నుంచి నేరుగా ముందుకు వచ్చే వెలుగు గిన్నె గోడను తాకకుండానే బయటపడి అన్ని వైపులా పోతుంది. అందులో పై వైపు పోయేది ఎదుటివారి కళ్లలోకే. టీఐఆర్ లెన్సు మధ్య భాగం ఆ నేరు వెలుగును, అంచులు పక్కల వెలుగును పట్టి దాదాపు మొత్తాన్నీ ఒకే దిశకు పంపుతాయి. 20 మిల్లీమీటర్ల లెన్సు హోల్డరుతో సహా నక్షత్రపు పలక మీద చక్కగా కూర్చుంటుంది. దారి లైటుకు లెన్సే మేలు.

ఎన్ని డిగ్రీల లెన్సు, అంటే వెలుగును ఎంత కోణంలో పరిచేది అన్నది అన్నిటికంటే ఎక్కువ తేడా తెచ్చే ప్రశ్న. 10 డిగ్రీల లెన్సుతో ఒక్కొక్క ల్యూమెన్‌కు నడిమధ్యన సుమారు 15 కాండెలాల తీవ్రత వస్తుందనుకుంటే, 120 ల్యూమెన్ల లైటు 10 మీటర్ల వద్ద 18 లక్స్ ఇస్తుంది, లక్స్ అంటే ఆ చోట పడే వెలుగు కొలత. అదే ఎల్‌ఈడీకి, అదే బ్యాటరీతో, 30 డిగ్రీల లెన్సు పెడితే 3 లక్స్ మాత్రమే. సైకిల్ లైటు ముందు 10 మీటర్ల దూరాన కనీసం 10 లక్స్ ఉండాలని జర్మనీ నిబంధన కోరుతుంది. లెన్సు ఒక్కటి మార్చినందుకే ఒకే లైటు ఆ గీతకు పైన, కింద పడుతున్నదని గమనిస్తే, పెద్ద ఎల్‌ఈడీ కోసం వెతికేవారు ముందు చూడవలసింది ఎక్కడో తెలుస్తుంది.

ఎదుటివారి కళ్ల విషయంలోనూ లెక్క ఇలాగే ఉంటుంది. లైటు 0.9 మీటర్ల ఎత్తులో ఉండి, వెలుగు పుంజం నడిమధ్య 9 మీటర్ల దూరాన నేలను తాకేలా వంచితే వంపు 5.7 డిగ్రీలు. 10 డిగ్రీల పుంజంలో పై అంచు ఇంకా అర డిగ్రీకి పైగా కిందికే ఉంటుంది, కింది అంచు దాదాపు 5 మీటర్ల దగ్గర నేల మీద పడుతుంది. 30 డిగ్రీల పుంజపు పై అంచు 9 డిగ్రీలు ఆకాశం వైపు లేస్తుంది, 10 మీటర్ల అవతల రెండున్నర మీటర్ల ఎత్తుకు చేరి ఎదురుగా వచ్చేవారి ముఖాలన్నిటినీ ముంచెత్తుతుంది. 10 డిగ్రీల లెన్సుకున్న లోటు వెడల్పే: 9 మీటర్ల దగ్గర మీటరున్నర మాత్రమే. మలుపుల్లో ఇది చాలదు. రెండు ఎల్‌ఈడీలు పెట్టేవారు ఒకదానికి 10 డిగ్రీలది, రెండవదానికి నిలువుకు ఇరుకుగా, అడ్డానికి వెడల్పుగా పరిచే అండాకారపు లెన్సు పెడితే ఆ లోటు తీరుతుంది. డైనమోకు ఎలాగూ రెండు ఎల్‌ఈడీలు కావాలి కాబట్టి అక్కడ ఈ జంట ప్రత్యేకంగా అందంగా కుదురుతుంది.

కంపెనీలు తయారుచేసే మంచి రోడ్డు లైట్లలో పుంజం పై అంచు కత్తితో కోసినట్టు తెగిపోతుంది. ఆ రిఫ్లెక్టర్ వంపును ఇంట్లో సాధించలేము. లెన్సు పైన వేలెడు పొడవు రేకు ముక్కను చూరులా పెడితే పైకి పోయే వెలుగు కొంత తగ్గుతుంది, అంతే. ఎదురు వాహనాలు ఎడతెగకుండా వచ్చే రోడ్డు మీదనే రోజూ పోయేవారికి కొన్న లైటే మేలని ఇక్కడ ఒప్పుకోవాలి. మట్టిదారులకు, ఎదురు రాకపోకలు తక్కువగా ఉన్న దారులకు ఇంట్లో కట్టినది దేనికీ తీసిపోదు.

ఎక్కడ బిగించాలి

హ్యాండిల్ మీదనా, ఫోర్కు పైననా, హెల్మెట్ మీదనా? హెల్మెట్ లైటు తల తిప్పిన వైపు చూపుతుంది, మలుపులో అది వరమే. కానీ కంటికీ లైటుకూ దూరం చాలా తక్కువ కాబట్టి గుంత నీడ దాని వెనకే దాగిపోయి నేలంతా చదునుగా కనిపిస్తుంది. పొగమంచులో అయితే ముఖం ముందే తెల్లటి తెర లేస్తుంది. లైటు ఎంత కిందుంటే గుంత నీడ అంత పొడవుగా సాగి ముందే కంటబడుతుంది. ఆ లెక్కన 0.7 మీటర్ల ఎత్తులో ఉండే ఫోర్కు కిరీటం, అంటే ముందు చక్రాన్ని పట్టే ఫోర్కు పై భాగం, హ్యాండిల్ కంటే మేలు, ముందు బుట్ట ఉన్నా వెలుగుకు అడ్డు రాదు. హ్యాండిల్ మీద బిగింపు సులువు, స్విచ్చి చేతికందుతుంది, తీసి జేబులో వేసుకోవచ్చు. రోడ్డు పక్కన సైకిలు నిలిపి వెళ్లేవారికి ఆ చివరి సౌకర్యమే నిర్ణయం చేసేస్తుంది.

బిగించాక వంపు సరిచూడడానికి గోడ చాలు. సైకిలును గోడకు 5 మీటర్ల దూరంలో నిలిపి, నేల నుంచి లైటు ఎంత ఎత్తులో ఉందో కొలిచి గోడ మీద అదే ఎత్తున సుద్దతో గీత గీయాలి. హ్యాండిల్ ఎత్తున ఉన్న లైటుకు పుంజం నడిమధ్య ఆ గీతకు అర మీటరు కింద పడాలి, వెలుగు పై అంచు గీతను దాటకూడదు. ఫోర్కు మీద ఉన్నదానికి ఈ అర మీటరును 40 సెంటీమీటర్లకు తగ్గించవచ్చు. ఈ పని మనిషి సైకిలు మీద కూర్చుని ఉండగా చేయించుకోవడం మంచిది, బరువుకు టైర్లు అణగి లైటు వంపు కాస్త మారుతుంది.